ఒటాగో లోయల్లో బంగారం, దాని కంటే ఖరీదైన నీళ్ళు

1862 ఆగస్టులో ఇద్దరు మనుషులు న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, ఒటాగో అనే ప్రాంతంలోని డునెడిన్ ఊళ్ళో, సర్కారు బంగారం జమ చేసుకునే ఆఫీసులోకి వచ్చి మోసుకొచ్చిన సంచులు బల్ల మీద పెట్టారు. తూకం వేస్తే 87 పౌండ్లు. బంగారం తూచే పౌండు మామూలు పౌండు కంటే చిన్నది కాబట్టి మన లెక్కలో 32 కిలోల పైచిలుకు, మా విశాఖ కురుపాం మార్కెట్ బంగారం కొట్ల భాషలో చెప్పాలంటే నాలుగు వేల కాసులు. ఎక్కడ దొరికిందని అడిగితే ఇద్దరూ నోరు విప్పలేదు. ముందు బహుమతి సంగతి తేల్చండి, తర్వాతే చోటు చెబుతాం అన్నారు. ప్రభుత్వం వాళ్ళూ తక్కువ తినలేదు. 2,000 పౌండ్ల డబ్బు ఇస్తాం గానీ, మీరు చెప్పిన చోటి నుంచి మూడు నెలల్లో కనీసం 16,000 ఔన్సుల బంగారం మా దగ్గరికి రావాలి అని మెలిక పెట్టారు. బేరం కుదిరింది, చోటు చెప్పారు, కబురు బయటికి పొక్కగానే జనం చేతిలో పని అక్కడే పడేసి బిలబిలమంటూ బయల్దేరారు.

వాళ్ళ పేర్లు హొరేషియో హార్ట్లీ, క్రిస్టఫర్ రైలీ. కాలిఫోర్నియాలో బంగారం పని చేసి చెయ్యి తిరిగినవాళ్ళు. వాళ్ళు చెప్పిన చోటు క్లూతా నది రెండు కొండల మధ్య ఇరుక్కుని పారే లోయ, ఇప్పటి క్రామ్‌వెల్ లోయ. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది వాళ్ళు ఎంచుకున్న కాలం. జూన్, జూలై, ఆగస్టు అక్కడ నడిచలికాలం. ఎగువన కొండల మీద మంచు కరగకుండా బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి నది బాగా తగ్గిపోతుంది, వేసవిలో మునిగిపోయే ఇసుక తిన్నెలు, రాతి బీటలు అప్పుడు బయటపడతాయి. వేసవి వచ్చిందంటే మంచు కరిగి నది పొంగుతుంది. మనకి గోదావరి వేసవిలో ఎండి వానల్లో పొంగే అలవాటు కదా, అక్కడ లెక్క తిరగబడింది. అందరూ చలికి గుడారాల్లో ముడుచుకున్న నెలల్లో ఈ ఇద్దరూ గడ్డకట్టే నీళ్ళ పక్కన కూర్చుని ఇసుక కడిగారు. దీన్ని అదృష్టం అనడానికి నాకు మనసొప్పదు.

ఈ గొడవంతా నాకెందుకు పట్టిందంటే, మా పిన్ని కొడుకు క్వీన్స్‌టౌన్‌లో ఒక హోటల్ వంటింట్లో పని చేస్తున్నాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు కవరౌ లోయ వెంట కారులో తిప్పాడు. వాడికి ఆ లోయ అంటే బంగీ జంప్. 1880లో కట్టిన పాత ఉయ్యాల వంతెన ఒకటుంది, దాని మీద నుంచి కాళ్ళకి రబ్బరు తాడు కట్టుకుని 43 మీటర్ల కిందికి దూకుతారు, 1988 నుంచి అదొక వ్యాపారం. "అక్కా, ఈ వంతెన అసలు బంగారం కోసం వచ్చినవాళ్ళ కోసం కట్టిందేనట" అన్నాడు యథాలాపంగా. అంతే, ఆ తర్వాత వాడు దూకడం నేను చూడనేలేదు, అక్కడ పెట్టిన బోర్డులు చదువుతూ నిలబడిపోయాను. విశాఖ వచ్చాక కూడా వదల్లేదు, దొరికిందల్లా చదివాను.

ముందు అసలు బంగారం ఆ లోయలోకి ఎలా వచ్చిందో చెప్తాను, ఇది తెలిస్తే మిగతాది సులువు. ఒటాగో కొండలన్నీ షిస్టు రాయి, పొరలు పొరలుగా ఊడొచ్చే రాయి. దాని మధ్యలో తెల్లటి క్వార్ట్జ్ చారలు, ఆ చారల్లో అక్కడక్కడా బంగారం. లక్షల ఏళ్ళుగా కొండలు పైకి లేస్తూ, మంచు నదులు వాటిని గీకుతూ, వానలు కడుగుతూ ఉంటే ఆ రాయంతా పిండి పిండిగా నదుల్లోకి దిగింది. క్వార్ట్జ్ నీటి కంటే రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువు, బంగారం పంతొమ్మిది రెట్లు. కాబట్టి నది ఇసుకని సముద్రం దాకా మోసుకుపోతుంది, బంగారాన్ని మాత్రం కాస్త వేగం తగ్గిన చోటల్లా దించేస్తుంది. వంపు తిరిగే చోట లోపలివైపు, పెద్ద బండరాయి వెనకాల, అన్నిటికంటే ముఖ్యంగా నది అడుగున నిలువుగా నిలబడ్డ షిస్టు పొరల సందుల్లో. మనం బియ్యం గాలిస్తే బియ్యం నీళ్ళతో పాటు జారి రాళ్ళు గిన్నె అడుగున మిగులుతాయే, అచ్చం అలాగే. ఆ లోయ అడుగంతా ఒక పెద్ద గిన్నె, గాలించే పని నది ఎప్పటి నుంచో చేస్తూనే ఉంది.

మన విశాఖ వాళ్ళకి ఇది కొత్త సంగతి కూడా కాదు. వానాకాలం అలలు తగ్గాక భీమిలి వైపు వెళ్తే తెల్ల ఇసుక మీద నల్లటి, ఎర్రటి చారలు కనిపిస్తాయి. చాలామంది ఏదో కాలుష్యం అనుకుంటారు. నలుపు ఎక్కువగా ఇల్మనైట్, ఎరుపు గార్నెట్, మన కొండల్లోని ఖోండలైటు రాళ్ళు అరిగి వచ్చిన గార్నెట్ అది. బరువు ఎక్కువ కాబట్టి అల తేలిక ఇసుకని వెనక్కి లాక్కుపోయి దీన్ని ఒడ్డున వదిలేస్తుంది. నేను ఆరో (Arrow) నది ఒడ్డున ఉన్న ఆరోటౌన్‌లో, అద్దెకి తెచ్చిన పళ్ళెంతో ఏటి ఇసుక గాలిస్తే పైనున్న గులకరాళ్ళు, బూడిద రంగు ఇసుక పోయాక పళ్ళెం గాడిలో చివరికి మిగిలింది ఒక చెంచాడు నల్ల ఇసుక. మా తమ్ముడు "ఏమీ లేదక్కా, పారెయ్" అన్నాడు. పక్కన గాలిస్తున్న పెద్దాయన వద్దని సైగ చేసి, పళ్ళెంలో రెండు చుక్కల నీళ్ళు పోసి ఒక అంచు మీద మెల్లగా తట్టాడు. నల్ల ఇసుక ముందుకి జరిగింది, వెనకాల ఆవగింజలో పావు వంతు కూడా లేని రెండు పసుపు నలుసులు కదలకుండా అక్కడే ఉన్నాయి. ఎండలో మైకా కూడా మెరుస్తుంది గానీ పళ్ళేన్ని నీడలోకి తిప్పితే ఆరిపోతుంది. ఈ నలుసులు నీడలోనూ అదే పసుపు.

ఇంటికొచ్చాక కురుపాం మార్కెట్లో మాకు తెలిసిన కంసాలి మావయ్యగారికి చూపిస్తే, గీటురాయి మీద గీసేంత కూడా లేదమ్మా అని నవ్వి, ఆయన తన పని తీరు చెప్పారు. ఆకురాయి పట్టినప్పుడు రాలే రజను ఒక్క రవ్వ కూడా పోనివ్వరు, కూర్చునే చాప దులిపిన దుమ్ము, కుంపటి బూడిద, చేతులు కడిగిన నీళ్ళు, అన్నీ దాస్తారు, ఆ మట్టి కొనుక్కుని కడిగేవాళ్ళు వేరే ఉన్నారు. కొట్ల ముందు కాలవ మట్టి కూడా తెల్లవారుజామున ఎత్తుకెళ్ళి కడిగేవాళ్ళని మా చిన్నప్పుడు నేనూ చూశాను.

సరే, అసలు కథకి వద్దాం. హార్ట్లీ, రైలీ కంటే ఏడాది ముందే, 1861 మేలో, గేబ్రియల్ రీడ్ అనే టాస్మేనియా మనిషి టుఆపేకా ప్రాంతంలో ఒక చిన్న వాగులో బంగారం చూశాడు, ఆ వాగుకి ఇప్పటికీ ఆయన పేరే. ఒటాగో బంగారం చరిత్ర ఏ పుస్తకం తీసినా అక్కడే మొదలవుతుంది. కానీ ఆ చుట్టుపక్కల అంతకు కొన్నేళ్ళ ముందే బంగారం చూపించిన మనిషి ఒకడున్నాడు, అతను మనవాడు. పేరు ఎడ్వర్డ్ పీటర్స్, బొంబాయి వైపు నుంచి వచ్చినవాడు, సగం భారతీయ రక్తం. కాలిఫోర్నియా బంగారు క్షేత్రాలు చూసి, 1853లో ఓడలో ఒటాగో చేరి, పొలాల్లో కూలి పని చేసుకుంటూ వాగుల్లో ఇసుక గాలించేవాడు. దొరికింది దాచుకోలేదు, చుట్టుపక్కల వాళ్ళకి చూపించాడు, చోట్లు చెప్పాడు. అక్కడి తెల్లవాళ్ళు అతన్ని పిలిచిన పేరు బ్లాక్ పీటర్. రీడ్ వెతుకులాటకి దారి చూపింది పీటర్స్ చూపించిన ఆ బంగారం గురించిన కబుర్లే.

రీడ్‌కి ప్రభుత్వం ఇచ్చింది 1,000 పౌండ్లు. పీటర్స్ అర్జీలు పెట్టుకున్నాడు, ఏళ్ళు గడిచాయి, చివరికి 1885లో అతనికి మంజూరైంది 50 పౌండ్లు, అదీ జనం చందాలు వేసుకుని ఇంకో 50 పోగుచేస్తేనే అని షరతు. అప్పటికి ముసలివాడైపోయాడు. 1893లో పోయాడు. 2009లో గ్లెనోర్ అనే చోట అతనికో స్మారకం కట్టారు, దాన్ని ఆవిష్కరించింది అప్పటి గవర్నర్ జనరల్ ఆనంద్ సత్యానంద్, ఫిజీ భారతీయ కుటుంబం నుంచి వచ్చినాయన. నిజం చెప్పాలంటే రీడ్ మీద నాకు కోపం లేదు, ఆయన తనకి దొరికింది రహస్యంగా ఉంచకుండా ప్రభుత్వానికి రాసి చెప్పినవాడు. నా కోపం అర్జీ మీద సంతకం పెట్టడానికి పాతికేళ్ళు తీసుకున్న వాళ్ళ మీద.

ఇలాంటిదే ఆరో నదిలోనూ జరిగింది. అక్కడ 1862లో ముందుగా బంగారం చూసింది జాక్ టేవా అనే మావోరి మనిషి, అంటే అక్కడి మూలవాసి, ఒక గొర్రెల ఆసామి దగ్గర పని చేసేవాడు. కొద్ది నెలల్లో విలియం ఫాక్స్ అనే అతను ముఠా కట్టి, అదే లోయలో ఎవరికీ తెలియకుండా పని సాగించి, బయటపడ్డాక ఊరికే కొంతకాలం తన పేరు పెట్టించుకున్నాడు.

పక్కనున్న షాటోవర్ నది కథ వేరు, అక్కడ మావోరి వాళ్ళ పేరు నిలిచింది. డాన్ ఎల్లిసన్, హకరాయా హాయెరోవా అనే ఇద్దరు మావోరి మిత్రులు కొండచరియల మధ్య నది పక్కన నడుస్తున్నారు. అవతలి ఒడ్డున మంచి ఇసుక తిన్నె కనపడింది. ఈ ఒడ్డున జనం నిలబడి చూస్తున్నారు గానీ ఆ ప్రవాహంలో దిగే ధైర్యం ఎవరికీ లేదు. వీళ్ళిద్దరూ దూకి ఈదారు. వెనకే వాళ్ళ కుక్క కూడా దూకింది, ప్రవాహం దాన్ని కిందికి ఈడ్చుకుపోయి ఒక రాతి కొనకి తోసింది. దాన్ని కాపాడదామని హాయెరోవా ఆ కొన దగ్గరికి వెళ్తే రాతి బీటల్లో పసుపు కనపడింది. చీకటి పడే లోపల ఇద్దరూ కలిసి తీసింది 25 పౌండ్లు, అంటే 300 ఔన్సుల బంగారం, వెయ్యి కాసులు దాటుతుంది. ఆ చోటుని ఇప్పటికీ మావోరి పాయింట్ అంటారు. కుక్క పేరు మాత్రం ఎవరూ రాసినట్టు లేదు, అసలు బహుమతి దానికే రావాలి.

అయితే చేతిలో పళ్ళెం పట్టుకుని బాగుపడే రోజులు ఎంతో కాలం నిలవలేదు. లోయ గట్టుల మీద చెట్లు లేవు, పొయ్యిలో పెట్టడానికి పుల్ల దొరకదు, తొట్టి చేసుకోవడానికి పలక దొరకదు, పిండి గుర్రాల మీద రావాలి. 1863 జూలైలో షాటోవర్, ఆరో నదులు రాత్రికి రాత్రి పొంగి ఒడ్డున వేసుకున్న గుడారాలని మనుషులతో సహా తీసుకుపోయాయి. ఆగస్టులో మంచు తుపాన్లు పడ్డాయి. ఎంతమంది పోయారో సరైన లెక్క ఉండే వీలే లేదు, ఎవరు ఏ దేశం నుంచి ఏ పేరుతో వచ్చారో ఎవరు రాసిపెట్టారు గనక. 1865కల్లా అవతలి పడమటి తీరంలో కొత్త బంగారం అనే వార్త వచ్చేసరికి చాలామంది మూట కట్టేశారు.

ఇక్కడి నుంచి నాకు అసలు ఆసక్తి. తేలికగా దొరికే బంగారం అయిపోయాక మిగిలింది గట్టుల మీద, పాత ఏటి గర్భాల్లో, మట్టి గుట్టల్లో ఉన్న సన్న బంగారం. దాన్ని పళ్ళెంతో తీస్తే కూలి గిట్టదు. గుట్టని గుట్టలాగే కడగాలి. కడగాలంటే నీళ్ళు కావాలి, కింద లోయలో ఉరుకుతున్న నది నీళ్ళు పైకి ఎక్కవు. కాబట్టి ఎగువ కొండల్లో ఎక్కడో ఉన్న వాగుకి అడ్డం వేసి, కొండ నడుము చుట్టూ సన్నటి కాలవ తవ్వి, అతి కొద్ది వాలుతో మైళ్ళకు మైళ్ళు నడిపించి, గుట్ట పైన దించాలి. అక్కడ నుంచి ఇనప గొట్టాల్లో కిందికి దూకిస్తే గొట్టం మూతి దగ్గర కొండని కోసేంత బలం వస్తుంది. కరిగిన మట్టిని పొడవాటి చెక్క తొట్టిల గుండా పంపితే అడ్డ పట్టీల వెనక బంగారం దిగుతుంది. ఒటాగోలోనే నేస్‌బీ అనే ఊరి దగ్గర మౌంట్ ఐడా కాలవ వంద కిలోమీటర్లకు పైగా ఉంటుంది, 1870ల్లో ప్రభుత్వం తవ్వించింది. పారా, గడ్డపలుగు, నీటి మట్టం చూసే సాధనం, అంతే వాళ్ళ సరంజామా.

దాంతో లోయలో బంగారం కంటే నీళ్ళకి విలువ పెరిగింది. గోల్డ్‌ఫీల్డ్స్ అధికారి దగ్గర నీటి హక్కు రాయించుకోవాలి. కొలతకి "హెడ్" అని ఒక లెక్క, సెకనుకి ఒక ఘనపుటడుగు. ముందు ఎవరు రాయించుకుంటే ముందు వాళ్ళకే నీళ్ళు, తర్వాత వచ్చినవాడు ఎంత పెద్ద ఆసామి అయినా వాగు తగ్గితే చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. బంగారం ఉన్న భూమి కాగితం చేతిలో ఉండి కూడా నీళ్ళ కాగితం లేక అమ్ముకుని వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. కొందరు బంగారం జోలికి పోకుండా కాలవ తవ్వుకుని నీళ్ళు అమ్మి బతికారు, నన్నడిగితే లోయలో తెలివైనవాళ్ళు వీళ్ళే. ఎండాకాలం ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పోట్లాడుకునే మధురవాడ మనిషిగా నాకిది వివరంగా చెప్పక్కర్లేదు.

జనం పడమటికి వెళ్ళిపోవడంతో డునెడిన్ వ్యాపారులకి గిరాకీ పడిపోయింది. వాళ్ళ చాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్ళే ఆస్ట్రేలియాలోని విక్టోరియా నుంచి చైనా వాళ్ళని రమ్మని పిలిచారు, 1866 నుంచి రావడం మొదలైంది. ఎక్కువమంది గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం నుంచి, ఇంటి దగ్గర భార్యాపిల్లల్ని వదిలి అప్పు చేసి ఓడెక్కినవాళ్ళు. తెల్లవాళ్ళు తవ్వి వదిలేసిన గుట్టల్ని మళ్ళీ తిరగేసి ఓపిగ్గా కడిగారు. ఆరోటౌన్‌లో వాగు పక్కన వాళ్ళ గుడిసెలు కొన్ని బాగు చేసి పెట్టారు. రాతి గోడ, మనిషి వంగి వెళ్ళాల్సిన గుమ్మం, లోపల ఒక పొయ్యి, ఒక మంచం పట్టేంత చోటు. ఆ లమ్ అనే ఆయన కొట్టు ఇంకా నిలబడే ఉంది, ఉత్తరాలు రాసిపెట్టడం, అప్పులివ్వడం, బంగారం కొనడం అన్నీ ఆ కొట్లోనేనట. మా తమ్ముడు ఒక గుడిసె లోపల నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, బయటికొచ్చాక "మా రూము కంటే కొంచెం చిన్నది, అంతే" అని నవ్వేశాడు. వాడు నలుగురితో కలిసి ఉంటున్నాడు.

పిలిచినవాళ్ళే తర్వాత వద్దన్నారు. 1881లో చట్టం చేసి చైనా నుంచి వచ్చే ప్రతి మనిషి మీద 10 పౌండ్ల తలపన్ను వేశారు, 1896లో దాన్ని 100 పౌండ్లు చేశారు. 1944 దాకా ఆ చట్టం పుస్తకాల్లోనే ఉంది. 2002లో ప్రధాని హెలెన్ క్లార్క్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. ఇంకో సంగతి చదివి నేను పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. పరాయి నేలలో పోయిన తమవాళ్ళ ఎముకలు సొంత ఊరికి చేర్చాలని చైనా వాళ్ళు సంఘంగా కూడి, సమాధులు తవ్వించి, పెట్టెల్లో సర్ది, 1902లో వెంట్నర్ అనే ఓడలో 499 మంది అవశేషాలు ఎక్కించారు. ఓడ రాయికి కొట్టుకుని హోకియాంగా దగ్గర మునిగిపోయింది. కొన్ని పెట్టెలు ఒడ్డుకి కొట్టుకొస్తే అక్కడి మావోరి వాళ్ళు తమ వాళ్ళని పూడ్చిన చోటే వాటినీ పూడ్చి కాపాడారు.

ఆ ఓడలో ఛోయి సూ హాయ్ అనే ఆయన అవశేషాలు కూడా ఉన్నాయి. డునెడిన్‌లో పెద్ద వర్తకుడు. షాటోవర్ బిగ్ బీచ్ అనే చోట 1889లో ఆవిరి యంత్రంతో నడిచే బకెట్ డ్రెడ్జర్ దింపింది ఈయన కంపెనీయే. నీటి మీద తేలే పడవ, దానికి గొలుసుకట్టుగా బకెట్లు, అడుగు నుంచి మట్టి తోడి పైకి తెచ్చి పడవలోనే కడిగి వెనక్కి పారబోస్తుంది. నదిని ఆపలేమని తెలిసి నది మీదికే యంత్రాన్ని ఎక్కించాడన్నమాట. అది లాభాలు చూపించేసరికి పదేళ్ళలో క్లూతా, కవరౌ నదుల మీద డ్రెడ్జర్లే డ్రెడ్జర్లు. డునెడిన్‌లో రోజుకో కంపెనీ పుట్టింది, పడవ కట్టకముందే వాటాలు అమ్ముడుపోయాయి, 1900 దాటాక బుడగ పేలింది. ఏ ఊళ్ళోనైనా వెంచర్ బ్రోచర్లు ఎలా ఉంటాయో అలాగే.

ఇక 1926 సంగతి చెప్పకపోతే ఈ పోస్టు అసంపూర్ణం. కవరౌ నది వకాటిపు అనే పెద్ద సరస్సు నుంచి బయల్దేరుతుంది. ఆ మూతి దగ్గరే గేట్లు బిగించి నీళ్ళు ఆపేస్తే కింద లోయంతా ఎండిపోతుంది, తరతరాలుగా ఎవరి చెయ్యీ పడని అడుగు బంగారం చేత్తో ఏరుకోవచ్చు అని ఒక కంపెనీ వాటాలు అమ్మింది. నిజంగానే ఆనకట్ట కట్టారు, నిజంగానే గేట్లు దించారు, జనం తండోపతండాలుగా చూడ్డానికి వచ్చారు. నది తగ్గింది గానీ ఎండలేదు. ఎందుకంటే ఆ గేట్లకి కాస్త దిగువనే షాటోవర్ వచ్చి కలుస్తుంది, ఇంకొంచెం కిందికి ఆరో, ఆ కింద నెవిస్. సరస్సుని ఆపారు గానీ ఆ నదుల్ని ఎవరాపుతారు? మ్యాపు ముందు వేసుకుని వేలు పెట్టి చూస్తే పదో తరగతి పిల్లాడికి తెలిసే విషయం ఇది. తెలిసీ వాటాలు కొన్నారంటే ఆశ అంతటిది. ఆ ఆనకట్ట మీద రోడ్డు మాత్రం పనికొచ్చింది, 2018లో పక్కన కొత్త వంతెన వచ్చేదాకా బళ్ళన్నీ దాని మీదే నడిచాయి.

హార్ట్లీ, రైలీ గాలించిన చోటు చూద్దామంటే ఇప్పుడు కుదరదు. క్లైడ్ దగ్గర 432 మెగావాట్ల జలవిద్యుత్ డ్యామ్ కట్టారు, 1992, 93ల్లో నీళ్ళు నింపారు, క్రామ్‌వెల్ లోయ డన్‌స్టన్ సరస్సు అయిపోయింది. క్లూతా, కవరౌ నదులు కలిసే చోటు, పాత క్రామ్‌వెల్ ఊరి ప్రధాన వీధి, పళ్ళ తోటలు, అన్నీ అడుగున. ఇక్కడ కూడా గొడవ నీటి హక్కు మీదే. భూములున్నవాళ్ళు కోర్టుకెళ్ళి డ్యామ్‌కి ఇచ్చిన నీటి హక్కు చెల్లదని గెలిచారు. ప్రభుత్వం 1982లో ప్రత్యేక చట్టం చేసి కోర్టు తీర్పుని పక్కన పెట్టి కట్టేసింది. పాపికొండల మధ్య లాంచీలో వెళ్ళి, ఒడ్డున ఖాళీ అవుతున్న ఊళ్ళని చూసిన వాళ్ళకి ఆ వాదనలన్నీ తెలిసినవే, రెండు వైపులవీ.

బంగారం తర్వాత ఆ కాలవలు ఏమయ్యాయని నాకు అనుమానం వచ్చింది. ఏమీ కాలేదు, పని చేస్తూనే ఉన్నాయి. గొర్రెల మేత భూములకి, చెర్రీ, ఆప్రికాట్ తోటలకి, ద్రాక్ష తోటలకి అవే నీళ్ళు. జాన్ దెజిరే ఫెరో అనే ఫ్రెంచి ఆయన బంగారం కోసం వచ్చి 1864లోనే క్లైడ్ దగ్గర ద్రాక్ష నాటాడు. ఇప్పుడు బానక్‌బర్న్‌లో నీటి గొట్టాలతో కోసేసిన మట్టి గట్టుల పక్కనే ప్రపంచ ప్రసిద్ధి పొందిన ద్రాక్ష తోటలున్నాయి. అసలు విచిత్రం ఏమిటంటే, బంగారం కడగడానికి రాసిచ్చిన పాత నీటి హక్కుల కాగితాలు బంగారం అయిపోయి దాదాపు వందేళ్ళయినా చెల్లుతూనే వచ్చాయి. 1991 చట్టం వాటికి ముప్ఫై ఏళ్ళ గడువు పెట్టింది, 2021 అక్టోబరుతో తీరిపోయింది. ఆ ఏడాది దగ్గరపడేకొద్దీ రైతులు, నదిలో చేపలకి కూడా కాసిని నీళ్ళు వదలండి అనేవాళ్ళు, మావోరి తెగలు, ప్రాంతీయ మండలి, అందరూ కొత్త అనుమతుల మీద కొట్టుకున్నారు. 1860ల్లో ఎవరో గుడారంలో కూర్చుని రాయించుకున్న కాగితం మీద 2021లో వకీళ్ళు వాదించారంటే, ఆ లోయలో నిజమైన ఆస్తి ఏదో మీరే చెప్పండి.

మీ పిల్లలో, బంధువులో ఆ వైపు ఉంటే, వెళ్ళే వాళ్ళ కోసం ఒకటి రెండు మాటలు. ఆరోటౌన్ దగ్గర ఆరో నదిలో, ఇంకా ప్రభుత్వం గుర్తించిన మరికొన్ని చోట్ల లైసెన్సు లేకుండా ఎవరైనా గాలించుకోవచ్చు, దొరికింది మీదే. పళ్ళెం, చేతిపార లాంటి చేతి పనిముట్లు మాత్రమే వాడాలి, మోటార్లు పెట్టకూడదు. నీళ్ళు వేసవిలో కూడా ఎముకలు కొరికేంత చల్లగా ఉంటాయి, రబ్బరు బూట్లు తీసుకెళ్ళండి. స్కిప్పర్స్ లోయలోకి వెళ్ళే రోడ్డు 1880ల్లో కొండ రాతిని చెక్కి వేసింది, ఒక బండి పట్టేంత వెడల్పు, ఒక పక్క నిలువు లోయ, అద్దె కార్లకి ఆ రోడ్డు మీద బీమా చెల్లదు. కాబట్టి అక్కడి డ్రైవర్లు నడిపే టూర్ బండి ఎక్కండి, మా తమ్ముడిలాంటి వాళ్ళు "నేను నడుపుతాలే అక్కా" అన్నా వినకండి.